డాక్యుమెంటరీ చూస్తున్న ఇంటి నాడి పట్టుకోవడం ఎలా

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక తెలుగింట్లో 52 నిమిషాల డాక్యుమెంటరీ వేసి, అయ్యాక ఎలా ఉందని అడిగి చూడండి. "బాగుంది బాబూ" అంటారు, వెనకే టీ వస్తుంది. ఆ మాట మర్యాద కోసం అన్నది. దాన్నిబట్టి సినిమాలో ఒక్క షాటు కూడా మార్చలేం. స్వతంత్రంగా డాక్యుమెంటరీలు తీసేవాళ్ళకు టీవీ ప్రేక్షకుడి స్పందన తెలియాలంటే దారి ఒకటే: సినిమా నడుస్తున్నంతసేపూ ఆ గదిని చూడాలి, నాలుగు రోజులాగి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాలి.

రేటింగులు ఈ పనికి చాలవు. టీవీ రేటింగులు లెక్కకట్టే బార్క్ సంస్థ మీటరు, టీవీ శబ్దంలో చెవికి వినబడకుండా దాచిన గుర్తును (వాటర్‌మార్కును) పట్టుకుని ఏ నిమిషంలో ఏ ఛానెల్ నడిచిందో చెబుతుంది. పెద్దాయనకు గొంతు ఎందుకు పూడుకుపోయిందో దానికి తెలియదు. ఫిలిం ఫెస్టివల్లో మోగిన చప్పట్లు కూడా అంతే. అక్కడికి వచ్చినవాడు డాక్యుమెంటరీ చూద్దామనే వచ్చాడు, ఇంట్లో కూర్చున్నవాడు సీరియల్ అయిపోయిందని చూస్తున్నాడు.

ఎవరింట్లో వేయాలి

ఆరు ఇళ్ళు చాలు. మూడైతే ఏ ఇంటి అలవాటు ఏదో తేలదు, పది దాటితే రాసుకున్నవి సర్దుకునే ఓపిక ఉండదు. సినిమా విషయానికి దగ్గరగా బతికేవాళ్ళవి రెండు, అదంటే ఏమిటో తెలియనివాళ్ళవి రెండు, మధ్యస్థంగా ఉండేవి రెండు తీసుకోండి. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మత్స్యకారుల మీద సినిమా తీశారనుకుందాం. రుషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో, నవంబర్ 1 నుంచి మే 31 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ ఏడు నెలలు ఇల్లెలా గడుస్తుందన్నదే కథ. దీన్ని తీరంలోని పేటలో రెండిళ్ళకు, బరంపురం పట్టు నేతవాళ్ళ వీధిలో రెండిళ్ళకు, పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో రెండిళ్ళకు చూపించాలి. మీ చుట్టాల ఇళ్ళు మాత్రం వద్దు. వాళ్ళు సినిమా చూడరు, మిమ్మల్ని చూస్తారు.

ముందుగా ఒక్క సంగతి కనుక్కోండి: ఆ ఇంట్లో ఎవరు ఏ లిపి చదవగలరు? ఒడిశా వైపు తెలుగిళ్ళలో నానమ్మకు తెలుగు అక్షరాలొచ్చు, మనవడికి ఒడియా, ఇంగ్లీషు మాత్రమే వచ్చే అవకాశం ఎక్కువ. మహారాష్ట్రలోని సిరొంచ, కిన్వట్ వైపు ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది. తెలుగు సబ్‌టైటిల్స్ వేసి, కుర్రాడికి సినిమా పట్టలేదని రాసుకుంటే తప్పు కుర్రాడిది కాదు. రెండు రకాల సబ్‌టైటిళ్ళతో రెండు ఫైళ్ళు తీసుకెళ్ళండి.

మంచి రోజు చూసుకోండి, పంచాంగం ప్రకారం కాదులెండి. మార్గశిర లక్ష్మివారాలు, బరంపురం ఠాకురాణి యాత్ర రోజులు, క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రులు వదిలేయాలి. ఇంటి ఆడవాళ్ళు రాత్రి వంట ముగించుకుని కూర్చునే వేళే సరైన వేళ. ఆ ఇంట్లో అది ఎన్ని గంటలకో వాళ్ళనే అడగాలి.

పెన్‌డ్రైవ్ దగ్గరే సగం పనులు చెడేది

సినిమాను ఇంటివాళ్ళ టీవీలోనే వేయాలి. ప్రొజెక్టరు, తెల్ల దుప్పటి తీసుకెళ్తే అది జాతర అవుతుంది. చాలా టీవీలు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవునే ఇబ్బంది లేకుండా చదువుతాయి, కానీ అందులో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. 52 నిమిషాల సినిమాను సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఎగుమతి చేస్తే దాదాపు 3.1 జీబీ వస్తుంది, 15 మెగాబిట్లు పెడితే 5.8 దాటిపోతుంది. ఎంపీ4 ఫైలు, హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో పెట్టుకుంటే క్షేమం. హెచ్.265 వీడియో పాత టీవీల్లో తెరుచుకోదు. డీటీఎస్ ఆడియో ఉంటే కొన్ని టీవీల్లో బొమ్మ వస్తుంది, మాట రాదు. ఒక హెచ్‌డీఎంఐ తీగ, ల్యాప్‌టాప్ కూడా సంచీలో ఉండాలి.

టీవీ పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉండి రంగులు పచ్చిగా కొడుతుంటే చెయ్యి పెట్టకండి. రోజూ వాళ్ళు చూసే టీవీ అదే, మీ సినిమా బతకాల్సిందీ అందులోనే. కెమెరామన్ పక్కనుంటే బాధపడతాడు, అతన్ని వెంట తీసుకెళ్ళకపోవడమే మేలు.

శబ్దాన్ని మాత్రం ముందే సరిచూసుకోవాలి. థియేటర్ కోసం మిక్స్ చేసిన ఫైల్లో మాట తక్కువగా, అల ఎక్కువగా ఉంటుంది. టీవీ స్పీకరు సన్నది, పైన ఫ్యాను తిరుగుతుంటుంది. మాట వినబడక వాల్యూమ్ పెంచుతారు, తర్వాతి షాటులో అల విరిగిపడగానే ఉలిక్కిపడి తగ్గిస్తారు. దాన్ని చూసి సముద్రానికి భయపడ్డారని రాసుకునేవాళ్ళున్నారు. శబ్దం సగటున ఎంత గట్టిగా వినబడుతుందో ఎల్‌యూఎఫ్ఎస్‌లలో కొలుస్తారు, టీవీ ప్రసారాలకు యూరప్‌లో వాడే కొలత మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్. దాని దగ్గరకు తెచ్చి, మాటకూ మిగతా చప్పుళ్ళకూ మధ్య తేడా తగ్గించి, ఇంట్లో ఫ్యాను నాలుగులో పెట్టుకుని ఒకసారి వినండి.

తెలుగు సబ్‌టైటిల్స్‌లో ఇంకో చిక్కు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. "స్త్రీ", "కష్టం" లాంటి మాటలు రెండు వరుసల్లో ఒకదాని కింద ఒకటి వస్తే 32 అంగుళాల టీవీలో మరక లాగా కనిపిస్తాయి. వరుసల మధ్య జాగా పెంచండి, లేదా ఒక్క వరుసతో సరిపెట్టండి.

గదిలో ఎక్కడ కూర్చోవాలి, ఏం రాయాలి

టీవీకి పక్కగా, గోడకు ఆనుకుని, మొహాలు కనబడేలా కింద కూర్చోండి. తెర వైపు చూడకూడదు. సినిమా మీకు కంఠతా వచ్చు, చెవితో వింటే చాలు. పేరు పడగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి బోర్లా పెట్టేయండి. ఇద్దరుంటే ఒకరు పెద్దలను, ఒకరు పిల్లలను గమనించాలి. వీడియో తీయకండి, కెమెరా కనిపిస్తే మొహాలు బిగుసుకుపోతాయి. ఆడియో కావాలంటే ముందే అడిగి, ఫోను అందరికీ కనబడేచోట పెట్టండి.

సినిమాకు ముందు పది నిమిషాలు వాళ్ళు రోజూ చూసేదే చూడనివ్వండి. మామూలుగా ఎన్నిసార్లు లేస్తారు, ఎంత మాట్లాడుకుంటారు అన్నది అప్పుడే తెలుస్తుంది. ఆ కొలత లేకపోతే తర్వాత రాసిందంతా ఊహే. సినిమా మొదటి ఐదు నిమిషాలను లెక్కలోకి తీసుకోవద్దు, అప్పుడు వాళ్ళ ధ్యాసంతా మీ మీదే.

"బాధపడ్డారు", "కదిలిపోయారు" అని రాయొద్దు. కంటికి కనబడింది, చెవికి వినబడింది మాత్రం రాయాలి. ఒక పేజీ ఇలా ఉండాలి:

6.10 – ఇసకలోంచి తాబేలు పిల్లలు. పిల్లలిద్దరూ టీవీ ముందుకు జరిగారు. నానమ్మ నవ్వింది.
14.30 – ఒడ్డున పడవలు. మాటల్లేవు, గాలి చప్పుడే. కోడలు: "కేబులు పోనాదా ఏటి?" రిమోట్ చేతిలోకి.
14.42 – పడవ మనిషి గొంతు. రిమోట్ కింద పెట్టింది.
23.05 – ముసలావిడ అప్పు లెక్క చెబుతోంది. పెద్దాయన కాలు ఊపడం ఆగింది.
23.50 – పెద్దాయన వంటింటి వైపు తిరిగి: "వింటన్నావేటి?"

ఇందులో బంగారం చివరి వరుస. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవడం కంటే పెద్ద గుర్తు ఇంటి టీవీ దగ్గర ఇంకోటి లేదు. కన్నీళ్ళ కంటే అదే నమ్మదగింది. 14.30 దగ్గర జరిగింది కూడా బాగా గమనించాలి. సీరియల్‌లో నేపథ్య సంగీతం ఆగదు కాబట్టి, పన్నెండు సెకన్లు మాటలేకపోతే డబ్బా చెడిందనుకుంటారు. ఆ మౌనం దర్శకుడికి ప్రాణం కావచ్చు. దాన్ని తీసేయక్కర్లేదు, దానిలోకి దించే తీరు మార్చాలి. పడవ తాడు కిర్రుమనడమో కాకి అరుపో చెవికి తగిలేలా పెడితే టీవీ పనిచేస్తోందని నమ్మకం కుదురుతుంది, మౌనం నిలబడుతుంది.

ఏడుపు విషయంలో తొందరపడొద్దు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ తుఫాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ముంచింది. తెర మీద ఎగిరిపోయిన పైకప్పు కనబడితే ఈ ఇళ్ళలో ఆడవాళ్ళు తమ ఇంటి పైకప్పునే తలుచుకుంటారు. ఆ కన్నీరు మీ సినిమా తెప్పించింది కాదు, గుర్తు చేసింది మాత్రమే. పక్కన "సొంతం" అని రాసుకోండి. తెర మీది మనిషి పేరు పట్టుకుని "పాపం ఆ అప్పమ్మ" అంటే అది సినిమా ఖాతాలోకి వస్తుంది. తుఫానులో మనిషిని పోగొట్టుకున్న ఇల్లని తెలిస్తే, అందులో ఏముందో ముందే చెప్పండి. చూడమంటే సరే, వద్దంటే ఆ ఇంటిని వదిలి ఇంకో ఇంటికి వెళ్ళండి.

కరెంటు పోతే? వచ్చాక రెండు నిమిషాలు వెనక్కి జరిపి మొదలుపెట్టి, పక్కన గీత గీయండి. గీత కింద రాసినదాన్ని సగమే నమ్మాలి.

మధ్యలో వచ్చినవాళ్ళను తరమకండి. ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీని ప్రసారం చేయనని దూరదర్శన్ పోరాడిన కేసులో, సినిమాలోంచి ముక్కలు ఏరి కాకుండా మొత్తంగా చూసి, మామూలు మనిషి దృష్టితో తూచాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. న్యాయానికి అది సరైన మాటే. ఇంట్లో మాత్రం మొత్తంగా చూసే మామూలు మనిషి అరుదు. ఇరవయ్యో నిమిషంలో వచ్చిన పిన్నికి ఎన్ని నిమిషాల్లో సంగతి అర్థమైందో రాసుకోండి. ఐదు దాటితే మధ్యలో ఎవరో ఒకరి నోట విషయం మళ్ళీ ఒకసారి వినిపించాలి.

అడగడం

పేర్లు పడుతుండగా నోరు తెరవకండి. అప్పుడు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే మొదటి మాట మీ ప్రశ్నలన్నిటికంటే విలువైనది. ఆ తర్వాత మూడు ప్రశ్నలు చాలు. "పిన్నీ, ఎక్కడ లేచి పోదామనిపించింది?" "బాబాయ్, రేపు పొద్దున్న ఎవరైనా అడిగితే దీన్ని ఏమని చెప్తారు?" "వీళ్ళలో ఎవరింటికైనా వెళ్ళొచ్చంటే ఎవరింటికి వెళ్తారు?" నచ్చిందా అని అడగకూడదు, అర్థమైందా అని అసలే అడగకూడదు. అది పరీక్ష లాగా వినిపిస్తుంది. వాళ్ళ యాసలో చెప్పిన మాటను మీ భాషలోకి దిద్దకుండా రాయండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఈ పర్లాకిమిడి నుంచే, ఆ పాటి గౌరవం ఇవ్వాలి. వ్యాఖ్యానం గ్రాంథికం వాసన వేస్తోందా అన్నదీ ఇక్కడే బయటపడుతుంది. "వార్తల్లా ఉంది" అన్నారంటే గొంతు మార్చాలి.

జాలి కోసం వెతికేవాళ్ళకు కనబడకుండా పోయేది సిగ్గు. తమలాంటివాళ్ళ బీదరికం తెర మీద చూస్తే మొదట వచ్చేది చాలాసార్లు కోపమే: "ఇదే దొరికిందా చూపించడానికి?" 1970లో, ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ భారతదేశంపై తీసిన డాక్యుమెంటరీలను బీబీసీ ప్రసారం చేస్తే మన ప్రభుత్వం ఢిల్లీలో బీబీసీ కార్యాలయాన్నే మూయించింది. పేటలో కూడా అదే జరుగుతుంది, చిన్న ఎత్తున. తాబేలు పిల్లల్ని చూసి నేతవీధి ఇంట్లో ముద్దొస్తుంటే, తీరం ఇంట్లో పెద్దాయన చేతులు కట్టుకుని గోడ వైపు చూస్తాడు. రెండూ రాసుకోండి. ఒకే షాటుకు రెండు ఇళ్ళు ఎదురెదురుగా నిలబడితే అది తీసేయాల్సిన షాటు కాదు. దాని ముందు ఏముందో చూడాలి. నిషేధం తేదీలు, పడవ మనిషి మాట తాబేళ్ళకు ముందే వస్తే తీరం ఇంట్లో చేతులు విడతాయి, నేతవీధిలో ముద్దు కొంచెం తగ్గుతుంది.

నాలుగు రోజుల తర్వాత

పళ్ళో బిస్కెట్లో తీసుకుని మళ్ళీ వెళ్ళండి, సినిమా మాట మీరు ఎత్తకండి. వాళ్ళే ఎత్తితే ఏ మనిషి గురించి, ఏ మాటతో ఎత్తారో రాయండి. ఎత్తకపోతే వచ్చేముందు "మొన్న చూసినదాన్లో ఏం గుర్తుంది?" అని ఒక్కసారి అడగండి. ఆ రాత్రి ఏడ్చిన సీను గుర్తుండక, అప్పు లెక్క చెప్పిన ముసలావిడ గుర్తుండటం మామూలే. మనిషి మొహంతో చెప్పిన లెక్క మిగులుతుంది, తెర మీద పట్టికగా వేసిన లెక్క మిగలదు.

ఆరు ఇళ్ళ కాగితాలు పక్కపక్కన పరిచి ఐదేసి నిమిషాల గళ్ళు గీయండి. రిమోట్, ఫోను, లేవడం ఎర్ర చుక్క. నిశ్శబ్దం, పిలుపు, ముందుకు జరగడం నీలి చుక్క. నాలుగిళ్ళలో ఒకేచోట ఎర్ర చుక్క పడితే ఎడిటింగ్ టేబుల్ మీద చెయ్యి వేయాల్సింది అక్కడ. ఒక్క ఇంట్లోనే పడితే ఆ రాత్రి ఆ ఇంట్లో కూర మాడిందేమో అడగండి. మార్పులు చేశాక అవే ఇళ్ళకు తీసుకెళ్ళకండి. కొత్తవి మూడు చూసుకోండి, వాటిలో ఒకటి తీరం వైపుది ఉండాలి.