చీటీ లేకుండా విశాఖ బస్సెక్కొద్దు

మన శ్రీకాకుళం వైపు ఒంట్లో కాస్త తేడా చేస్తే చాలు, "కేజీహెచ్‌కి తీసుకుపోదాం" అనేస్తారు, అదే విశాఖ పెద్దాసుపత్రికి. వంద కిలోమీటర్లు దాటి పోయేముందు దగ్గర్లో ఏముందో చూసుకోండి.

ఊళ్లో ఉపకేంద్రం ఉంటుంది, లెక్క ప్రకారం మైదానంలో 5,000 మందికి, ఏజెన్సీలో 3,000 మందికి ఒకటి. బీపీ, టీకాలు, గర్భిణుల కార్డు అన్నీ అక్కడి నర్సమ్మ, అదే ఏఎన్‌ఎం చూసుకుంటుంది. జ్వరం, విరేచనాలు, కుక్కకాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే (పీహెచ్‌సీ) తేలిపోవాలి. ఆపరేషన్ అంటే సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ), ఏరియా ఆసుపత్రి. అక్కడా కుదరకపోతే టెక్కలి జిల్లా ఆసుపత్రి, లేదా శ్రీకాకుళంలో మనం ఇప్పటికీ రిమ్స్ అని పిలుచుకునే పెద్దాసుపత్రి. ఉద్దానం కిడ్నీ రోగులైతే ముందు పలాస చూడండి, వాళ్ల కోసమే 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి తెరిచారు.

మా మావయ్యకి కాళ్లవాపులొస్తే మేమూ ఇవేవీ చూడకుండా విశాఖ బస్సెక్కించాం. చేతి కవర్లో ఉన్నవి ఒక ఎక్స్‌రే, సగం వాడిన మాత్రల స్ట్రిప్పు. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టేమో ఇంట్లో దేవుడి పటం వెనకే ఉండిపోయింది. "ఇదివరకు ఎంత ఉండేది?" అని డాక్టరు అడిగితే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్లీ రక్తం తీయడం, "రేపు రండి" అనడం, ఆ రాత్రికి లాడ్జి ఖర్చు. తప్పు మాదే లెండి.

అందుకే పైకి పంపుతున్నారంటే రిఫరల్ చీటీ అడిగి రాయించుకోండి, అందులో జబ్బేంటో, ఏ మందు ఎన్ని గంటలకి ఇచ్చారో ఉందా లేదా అక్కడే నిలబడి చదవండి. రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకోండి, కొత్తది పైన. ఆధార్, రైస్ కార్డు మర్చిపోవద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అన్నాం కదా, దాని కింద చేరాలనుకుంటే ముందు ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే మిత్ర డెస్క్‌కి వెళ్లండి, డబ్బు కట్టేశాక అడిగితే తలనొప్పే. ఏ ఆసుపత్రి పథకంలో ఉందో 104కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఈ వరసంతా ఆగగలిగే జబ్బులకే. గుండెనొప్పి, కాన్పులో రక్తం పోవడం, పాముకాటు అయితే చీటీ గీటీ చూడకుండా 108కి కొట్టండి. జీడితోటలో పాము కరిస్తే మంత్రం వేయించాలని ఊరంతా తిప్పొద్దు, విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి పోవాలి. మూతి వంకరపోయి, మాట తడబడితే పక్షవాతం కావచ్చు, సీటీ స్కాన్ ఉన్న చోటికే తీసుకెళ్లమనండి. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు కాబట్టి ఎన్ని గంటలకి మొదలైందో అరచేతిలోనైనా రాసుకోండి, లోపలికి వెళ్లగానే డాక్టరు అడిగేది అదే.