కుట్లు మానేదాకా ఏం చూడాలి, ఎవర్ని రానివ్వాలి

ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు మందులు ఎలా వేసుకోవాలో చెబుతారు, కట్టు ఎప్పుడు మార్చాలో చెబుతారు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాసిస్తారు. తెల్లారి లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఆ మంచం మీద ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. "రెస్ట్ తీసుకోండి" అని ఊరుకుంటారు. అదెంత కష్టమైన పనో తీసుకున్నవాళ్లకే తెలుసు.

నాకు జరిగింది హెర్నియా ఆపరేషన్, పొట్ట మీద కోత. అంతరిక్ష నౌకల సిరీస్‌లంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. అదే పిచ్చి ఉన్న స్నేహితులు నలుగురున్నారు. ఈ రెండూ కోలుకోవడానికి బాగా పనికొస్తాయి, అతి చేస్తే అంతగానూ చెరుపు చేస్తాయి. కింద రాసింది పొట్ట ఆపరేషన్లను మనసులో పెట్టుకుని రాసింది. మీది గుండె ఆపరేషన్ అయితే కదలికల లెక్కలు వేరు. కంటి ఆపరేషన్ అయినా, తలకి దెబ్బ తగిలినా అసలు తెర చూడొచ్చా, ఎంతసేపు చూడొచ్చు అన్నది ముందు డాక్టర్నే అడగాలి.

మంచం, తెర, దిండు

తెర కళ్లకి ఎదురుగా ఉండాలి. ల్యాప్‌టాప్‌ని పొట్ట మీద పెట్టుకోవద్దు. కోత మీద బరువు పడుతుంది, మెడ వంగిపోతుంది, పైగా వేడి. పక్కన చిన్న బల్ల వేసుకుని రిమోట్, నీళ్లు, ఫోను, ఛార్జరు, మందుల పెట్టె దాని మీద పెట్టుకోండి. అన్నీ చెయ్యి చాపితే అందాలి, నడుం తిప్పి వంగి తీసుకోవాల్సిన అవసరం రాకూడదు.

ఇంకోటి, గట్టి దిండు ఒకటి ఎప్పుడూ ఒళ్లో ఉండాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా నవ్వొచ్చినా దాన్ని కోత మీద రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి. నొప్పి సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది. లేచేటప్పుడు పొట్ట బిగించి నేరుగా లేవకండి. ముందు పక్కకి దొర్లి, మోకాళ్లు మడిచి, కాళ్లు మంచం మీంచి కిందికి జారవిడుస్తూ, మోచేత్తో ఒళ్లు పైకి నెట్టుకోండి. ఆసుపత్రిలో నర్సు ఒకసారి చూపించి వెళ్లిపోతుంది. ఇంటికొచ్చాక ఇదే రోజుకి ఎన్నిసార్లు చేయాల్సొస్తుందో.

పూర్తి మత్తు ఇచ్చి ఉంటే మొదటి 24 గంటలు బండి నడపొద్దు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు, ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు తోడు ఉండాలి. ఆ రోజు ఏం చూసినా మర్నాటికి గుర్తుండదు కాబట్టి మంచి ఎపిసోడ్ ఏదీ దాని మీద ఖర్చుపెట్టకండి.

ఏవి చూడాలి

మొదటి రోజుల్లో కొత్త సిరీస్ జోలికి పోవద్దని నా గట్టి అభిప్రాయం. నొప్పి మాత్రల మత్తులో మధ్యలో కునుకు పడుతుంది, లేచేసరికి ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో తెలీదు, వెనక్కి తిప్పితే మళ్లీ కునుకు. పదిసార్లు చూసిన సిరీస్ అయితే ఎక్కడ కళ్లు మూసినా ఎక్కడ తెరిచినా ఇబ్బంది లేదు. ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడ్ కథ ముగిసిపోయేవి ఇంకా మంచివి. 1987 నుంచి 1994 దాకా వచ్చిన స్టార్ ట్రెక్: నెక్స్ట్ జెనరేషన్ 178 ఎపిసోడ్లు, ఒక్కోటీ దాదాపు 45 నిమిషాలు. సాయంత్రం మనుషులొచ్చినప్పుడు కలిసి చూడ్డానికి సరైన కొలత అది. పగలు ఒంటరిగా ఉన్నప్పుడు నేను పాత డాక్టర్ హూ పెట్టుకున్నాను. 1963లో మొదలైన ఆ సిరీస్‌లో పాతకాలం భాగాలు చాలావరకు 25 నిమిషాలే. ఒళ్లు ఎక్కువసేపు ఒకే భంగిమలో ఉండలేని రోజుల్లో అంతకన్నా పొడుగైనది భరించలేం.

డాక్టర్ హూకి ఇంకో యోగ్యత కూడా ఉంది. అందులో నాయకుడే అప్పుడప్పుడూ మంచాన పడతాడు. చనిపోయే పరిస్థితి వచ్చినప్పుడల్లా అతను కొత్త శరీరంలోకి మారతాడు, మారిన ప్రతిసారీ కోలుకోవడానికి కొంత సమయం పడుతుంది. 2005 క్రిస్మస్ ఎపిసోడ్‌లో, భూమి మీదికి గ్రహాంతరవాసులు దండెత్తి వస్తుంటే, మన కథానాయకుడు చాలాసేపు పైజామా వేసుకుని స్పృహ లేకుండా పడి ఉంటాడు. చివరికి లేచి ఆ పైజామాతోనే కత్తియుద్ధం చేస్తాడు. చెయ్యి తెగిపోతే, శరీరం మారిన మొదటి 15 గంటల్లోనే ఉన్నాను కదా అని కొత్త చెయ్యి మొలిపించుకుంటాడు. కుట్లేసుకుని దాన్ని చూస్తుంటే కడుపుమంట మామూలుగా ఉండదు. 1970లో వచ్చిన "స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్" కథలో ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి ఎక్స్‌రే తీస్తే రెండు గుండెలు కనిపిస్తాయి. డిశ్చార్జి కోసం కూర్చోకుండా అక్కడి బట్టలు ఎత్తుకుని, కారు ఎక్కి వెళ్లిపోతాడు. ఈ రెండూ చూడండి, అనుసరించకండి.

వాయిదా వేయాల్సినవి కొన్ని ఉన్నాయి. 2004లో మొదలైన బాటిల్‌స్టార్ గెలాక్టికా గొప్ప సిరీస్, అందులో అనుమానం లేదు. కానీ మొదటి ఎపిసోడ్ "33"లో శత్రువులు ప్రతి 33 నిమిషాలకీ విరుచుకుపడుతుంటారు, నౌకల్లో ఉన్నవాళ్లకి ఐదు రోజులుగా నిద్ర లేదు. నొప్పితో మీకూ నిద్రపట్టని రాత్రి అది చూడ్డం కొరివితో తల గోక్కోవడమే. ఎక్స్‌పాన్స్ కూడా ఆగాలి. 62 ఎపిసోడ్ల కథ అది, రాజకీయం ఒక్క ముక్క జారిపోయినా మిగతాది అందదు. తల తేటపడ్డాక మొదలుపెట్టండి.

నవ్వించేవి మొదటి వారం అసలు వద్దు. 1967 నాటి స్టార్ ట్రెక్ ఎపిసోడ్ ఒకదాంట్లో బొచ్చు బంతుల్లాంటి జీవులు నౌక నిండా పిల్లల్ని పెట్టి, చివరికి కెప్టెన్ నెత్తి మీద కుప్పగా కూలతాయి. ఎప్పుడో చిన్నప్పుడు చూసిందే కదా అని పెట్టాం. దిండు అదుముకుని, నోరు మూసుకుని, కళ్ల నీళ్లు పెట్టుకుని "ఆపండ్రా" అని సైగలు చేయాల్సొచ్చింది.

ఎపిసోడ్ అయితే లేవాలి

ఇదొక్కటీ పాటిస్తే మిగతావి కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు. దానంతటదే తరవాతి ఎపిసోడ్ మొదలయ్యే సెట్టింగ్ ఉంటుంది, ఇంటికి రాగానే దాన్ని ఆపేయండి. ఆపరేషన్ తర్వాత కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, గట్టిగా ఊపిరి తీయక ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. అందుకని చివర్లో పేర్లు పడుతుండగానే లేచి, డాక్టర్ ఎంత నడవమంటే అంత నడవాలి. మొదట గది గుమ్మం దాకా, తర్వాత హాలు దాకా. నడిచొచ్చి నెమ్మదిగా ఓ పది లోతైన ఊపిర్లు తీసుకోండి, ఆఖర్న దిండు పట్టుకుని ఒకసారి దగ్గండి. ఎపిసోడ్ నడుస్తుండగా పడుకున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. అంతరిక్షంలో యుద్ధం జరుగుతున్నప్పుడు దీనికి శ్రమేమీ అనిపించదు.

మందుల వేళలు ఎపిసోడ్లతో ముడిపెట్టకండి, గడియారంతోనే పెట్టుకోండి. ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో కాగితం మీద రాయండి. జలుబు మాత్రల్లోనూ, కొన్ని నొప్పి మాత్రల్లోనూ కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది. అన్నీ కలిపి పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, లివర్ జబ్బున్నవాళ్లకీ, బరువు బాగా తక్కువున్నవాళ్లకీ ఇంకా తక్కువ. గట్టి నొప్పి మాత్రలు నిద్ర తెప్పిస్తాయి, మలబద్ధకం తెస్తాయి. ముక్కితే కుట్ల మీద పడుతుంది కాబట్టి ముందే డాక్టర్ని అడిగి విరేచనం సాఫీగా అయ్యే మందు తీసుకోండి. సిగ్గుపడే విషయం కాదిది.

ఎవర్ని రానివ్వాలి

ఇంటికొచ్చిన రోజే గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. నేను పెట్టింది ఇది: "ఇంటికొచ్చాను, బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేను, మెసేజ్ పెట్టండి. సాయంత్రం ఇద్దరు చొప్పున రండి, ఒక్క ఎపిసోడ్ చూసి వెళ్లండి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు వీడియో కాల్లోనే కనబడండి." ఒక్క ఎపిసోడ్ అని ముందే చెప్పడం మర్యాద తక్కువనిపించొచ్చు. కానీ పలకరించడానికి వచ్చినవాళ్లని "ఇక వెళ్లండి" అనడం మనవల్ల కాదు. ఎపిసోడ్ అయితే ఆ మాట ఎవరూ అనక్కర్లేదు, అదే అనేస్తుంది. రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోమనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

గుమ్మం దగ్గర ఒకే ప్రశ్నకి అనుమతి: నొప్పి ఎంత? ఆసుపత్రిలో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె చెప్పమంటారు కదా, అలాగే. "మూడు." అంతే, ఇంక జబ్బు మాట లేదు. వాళ్ల మేనమామకి ఇదే ఆపరేషన్ అయి ఏమైందో చెప్పడం మొదలుపెట్టేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే వాడి నోరు మూతపడుతుంది. సిరీస్ పెట్టుకోవడంలో నాకు కనిపించిన పెద్ద లాభం ఇదే. మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటే అందరి కళ్లూ రోగి మీదే ఉంటాయి. తెర ముందు కూర్చుంటే అందరి చూపూ ఒకవైపే. మీరు మొహం చిట్లించినా ఎవరూ చూడరు, మూలిగినా పట్టించుకోరు.

నిద్ర గురించి కూడా ముందే చెప్పి ఉంచండి. "నేను పడుకుంటే ఆపకండి, సౌండ్ తగ్గించి చూసి, తలుపు దగ్గరేసి పొండి" అని మావాళ్లకి చెప్పాను. పక్కన ఇద్దరు గుసగుసగా, ఆ నౌక ఇంజన్ అలా పనిచేయదురా అని వాదించుకుంటుంటే పట్టినంత హాయిగా నాకు మాత్రతో కూడా నిద్ర పట్టలేదు.

"ఏమన్నా కావాలంటే చెప్పు" అనేవాళ్లకి వెంటనే ఒక పని చెప్పండి. అయిపోతున్న మందులు తేవడం, దుప్పటి మార్చడం, చెత్త బయట పెట్టడం, మీరు ఎత్తకూడని బరువు పక్కకి జరపడం. మావాళ్లలో ఒకడు నౌకలో లాగా పదవులు పంచుకుందాం అని ఉత్సాహపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. పదవి ఇస్తే పని చేయరు.

దూరంగా ఉన్నవాళ్లతో చూడాలంటే కాల్‌లో "మూడు, రెండు, ఒకటి" అని ఇద్దరూ ఒకేసారి నొక్కితే సరిపోతుంది. అర్ధరాత్రి మెలకువొస్తే ఎవర్నీ లేపక్కర్లేదు. బాగా తెలిసిన ఎపిసోడ్ పెట్టి, తెర వెలుగు తగ్గించి, అరగంటకి ఆగిపోయేలా టైమర్ పెట్టి, కళ్లు మూసుకుని వినండి.

చూడ్డం ఆపి ఫోన్ చేయాల్సినప్పుడు

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, అంతకు మించితే డాక్టర్‌కి ఫోన్ చేయండి. కోత చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము కారుతున్నా, వాంతులు ఆగకపోయినా, మూత్రం రాకపోయినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా అంతే. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెడితే ఆ రోజే చూపించుకోవాలి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, రక్తం ఆగకుండా కారుతున్నా అంబులెన్స్‌ని పిలవాలి. ఎపిసోడ్ అయ్యాక చూద్దాంలే అనకండి. స్నేహితులకి కూడా ఈ జాబితా చూపించండి, మాత్రల మత్తులో ఉన్నవాడికంటే వాళ్లే ముందు కనిపెడతారు.

మంచం దిగడం

స్టార్ ట్రెక్‌లోనే ఇంకో సిరీస్ డీప్ స్పేస్ నైన్‌లో, 1998లో వచ్చిన "ఇట్స్ ఓన్లీ ఎ పేపర్ మూన్" అనే ఎపిసోడ్‌ని నేను కావాలనే చివరికి దాచుకున్నాను. యుద్ధంలో కాలు పోయిన నాగ్ అనే కుర్రాడికి కొత్త కాలు పెడతారు. కాలికి లోపమేమీ లేదని డాక్టర్లు అంటున్నా వాడికి నొప్పి పోదు, చేతికర్ర వదలడు. చివరికి బయటి లోకం వద్దని, కాంతితో తయారైన కల్పిత లోకంలోకి వెళ్లి ఒక పాటగాడి దగ్గర కాపురం పెడతాడు. మొదట ఆ పాటగాడు ఆదరిస్తాడు, తర్వాత వీడి మంచి కోసమే ఆ లోకాన్నే ఆపేసి బయటికి పంపిస్తాడు. ఒళ్లు బాగుపడ్డా మంచం వదలబుద్ధి కాని రోజులు కొందరికి వస్తాయి. స్నేహితుల్ని రావద్దంటూ, స్నానం వాయిదా వేస్తూ, పగలూ రాత్రీ తెర ముందే గడుస్తుంటే, ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే, ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పాలి.

డాక్టర్ బయటికి వెళ్లొచ్చన్నాక మొదటి ప్రయాణం స్నేహితుడి ఇంటికే పెట్టుకోండి, అక్కడ ఒక ఎపిసోడ్ చూసి రండి. కారులో సీటుబెల్టుకీ పొట్టకీ మధ్య ఆ దిండు పెట్టుకోండి. అక్కడికెళ్లాక మెత్తటి సోఫా చూపిస్తే కూర్చోకండి, అందులోంచి లేవడానికి ఇద్దరు పట్టాలి. చేతులున్న గట్టి కుర్చీ అడగండి.