పాత డాస్ పీసీ హార్డ్ డిస్క్ నుంచి బూట్ కాకపోతే ఏం చేయాలి

1990ల నాటి ఐడీఈ హార్డ్ డిస్క్ బూట్ కాకపోతే వెంటనే ఎఫ్‌డిస్క్ (డిస్కును పార్టిషన్లుగా, అంటే భాగాలుగా విభజించే డాస్ ప్రోగ్రామ్) తెరవాలనిపిస్తుంది. కానీ లోపం ఎక్కడుందో తేలేదాకా డిస్క్ మీద ఏమీ రాయకూడదు. వీలైతే ముందుగా దానిని మరో కంప్యూటర్‌కు తగిలించి, సెక్టార్ల (డిస్కులోని అతి చిన్న భాగాల) వారీగా మొత్తం ఇమేజ్, అంటే పూర్తి నకలు, తీసిపెట్టుకోవాలి.

తరువాత తెర మీది సందేశాన్ని చూడాలి. బయోస్ (మదర్‌బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) డిస్కునే గుర్తించకపోతే పార్టిషన్ల జోలికి వెళ్లనక్కర్లేదు. కేబుల్ ఎర్రగీత 1వ పిన్ వైపు ఉందా, మాస్టర్, స్లేవ్ జంపర్లు సరిగా ఉన్నాయా, డిస్క్ తిరుగుతున్న చప్పుడు వస్తోందా అన్నవి చూడాలి. ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’ అనేది డిస్క్ మొదటి సెక్టార్ అయిన మాస్టర్ బూట్ రికార్డులోని కోడ్ ఇచ్చే సందేశం కనుక, ఆ సెక్టార్ చదవడం సాధ్యమైందనీ, పార్టిషన్ బూట్ సెక్టార్ (డాస్‌ను మొదలుపెట్టే కోడ్ ఉండే పార్టిషన్ తొలి సెక్టార్) మాత్రం సరిగా దొరకలేదనీ గ్రహించాలి. ‘నాన్ సిస్టమ్ డిస్క్’ అని వస్తే బూట్ సెక్టార్ దొరికింది, సిస్టమ్ ఫైళ్లు దొరకలేదు. డ్రైవులో ఫ్లాపీ మరిచిపోయినా ఇదే సందేశం వస్తుంది.

అన్నిటికంటే ముందు అనుమానించవలసింది మదర్‌బోర్డు బ్యాటరీని. అది అయిపోతే బయోస్ సెటప్‌లో ఇచ్చిన డిస్క్ కొలతలు, అంటే సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల సంఖ్యలు చెరిగిపోతాయి. ట్రాక్‌కు 63 సెక్టార్ల లెక్కన పార్టిషన్ చేసిన డిస్కులో బూట్ సెక్టార్ సాధారణంగా 64వ సెక్టార్‌లో ఉంటుంది. సెటప్‌లో 17 అని పడితే బయోస్ దానికి బదులు 18వ సెక్టార్‌ను చదువుతుంది; అందులో బూట్ సెక్టార్ చివర ఉండవలసిన 55 ఏఏ గుర్తు (రెండు బైట్లు) కనబడక మాస్టర్ బూట్ రికార్డు కోడ్ ఆగిపోతుంది. మొదటి సెక్టార్ చిరునామా ఏ లెక్కలోనైనా ఒకటే కాబట్టి మాస్టర్ బూట్ రికార్డు మాత్రం ఎప్పటిలాగే దొరుకుతుంది. అందుచేత పార్టిషన్ పాడైందన్న భ్రమ కలుగుతుంది. డిస్క్ లేబుల్ మీది సంఖ్యలను సెటప్‌లో యూజర్ టైప్ కింద ఇస్తే చాలాసార్లు అంతా యథాస్థితికి వస్తుంది. వేరే యంత్రంలో ఎల్‌బీఏ (సెక్టార్లను వరుస సంఖ్యలతో గుర్తించే) పద్ధతిలో పార్టిషన్ చేసిన డిస్క్ అయితే ఇక్కడా అదే పద్ధతి ఎంచుకోవాలి. ఆ సదుపాయం లేని పాత బయోస్‌లు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లకు మించి, అంటే సుమారు 52.8 కోట్ల బైట్లకు మించి చూడలేవు.

సంఖ్యలు సరిగ్గానే ఉన్నా బూట్ కాకపోతే, ఫ్లాపీతో బూట్ చేసి ఎఫ్‌డిస్క్ 4వ ఐచ్ఛికంలో పార్టిషన్ పక్కన ‘ఏ’ అక్షరం ఉందో లేదో చూడాలి. లేకపోతే 2వ ఐచ్ఛికంతో దానిని యాక్టివ్ (బూట్ అయ్యే పార్టిషన్‌గా) చేయాలి. సిస్టమ్ ఫైళ్లు పోయి ఉంటే, డిస్కులో ఉన్న డాస్ వెర్షన్ ఫ్లాపీతోనే ఆ ఫైళ్లను తిరిగి ఎక్కించే ‘సిస్ సి:’ కమాండ్ ఇవ్వాలి.

మాస్టర్ బూట్ రికార్డు కోడ్‌ను తిరిగి రాసే ‘ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్’ కమాండ్ అన్నిటికంటే చివరిది. పెద్ద డిస్కుల కోసం డిస్క్ మేనేజర్ వంటి ఓవర్‌లే (బయోస్ పరిమితిని దాటించే ప్రోగ్రామ్) వేసి ఉన్నా, పార్టిషన్ టేబుల్‌ను (మాస్టర్ బూట్ రికార్డులోని పార్టిషన్ల పట్టికను) దాచే బూట్ వైరస్ ఉన్నా ఈ కమాండ్ డేటాకు దారి మూసేస్తుంది. 55 ఏఏ గుర్తు చెరిగిపోయిన డిస్కులో టేబుల్‌నే సున్నాలు చేస్తుంది. హార్డ్ డిస్క్ బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టినప్పుడు మాత్రం ఇది నిజంగా అక్కరకొస్తుంది. కార్డులో ఆ గుర్తు ముందే ఉంటే ఎఫ్‌డిస్క్ పార్టిషన్ చేస్తుందే తప్ప బూట్ కోడ్ రాయదు కాబట్టి, ఫార్మాట్ చేసి సిస్టమ్ ఎక్కించినా నల్లని తెర మీద కర్సర్ మాత్రమే మినుకుతున్నప్పుడు ఈ కమాండ్ ఒక్కసారి ఇచ్చి రీబూట్ చేయాలి.