జాకెట్టు కుట్టుకూలి ఎలా లెక్కకట్టాలి, ఎలా చెప్పాలి?

బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్. పురం, బెళ్ళందూరు చుట్టుపక్కల ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే తెలుగు ఆడవాళ్ళు ఎంతోమంది. పనితనంలో ఏ బొటిక్‌కీ తీసిపోరు. కూలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే పొరపాటు. "ఎంతక్కా?" అని అడగడమే ఆలస్యం, అవతలివాళ్ళు బేరం మొదలుపెట్టకముందే తమంతట తామే వంద తగ్గించి చెప్పేస్తారు. అదీ కాకపోతే "మీ ఇష్టమండీ, చూసి ఇవ్వండి" అంటారు. ఈ రెండూ మానాలంటే ఏం చెయ్యాలో వరసగా చెబుతాను. ఇక్కడ జాకెట్టు లెక్క చూపిస్తున్నాను గానీ మగ్గం వర్కుకైనా, పచ్చళ్ళకైనా, ట్యూషన్లకైనా ఇదే పద్ధతి.

కావలసినవి: ఒక నోటుబుక్కు, పెన్ను, కనబడేలా ఒక గడియారం. ఫోన్లో రాసుకుంటామంటే కుదరదు. పుస్తకం మిషను పక్కనే తెరిచి ఉండాలి, లేకపోతే రెండోరోజుకే రాయడం మానేస్తారు.

మొదటి పని: నిమిషాలు రాయండి

వరసగా పది జాకెట్లకి, ఒక్కోదానికి నిజంగా ఎంతసేపు పట్టిందో రాయండి. "లైనింగ్ జాకెట్టా? రెండు గంటలు" అని నోటికి వచ్చేస్తుంది. ఆ రెండు గంటలు మిషను తొక్కిన సమయం మాత్రమే. మిగతాదంతా కలిపితే మామూలు లైనింగ్ జాకెట్టు లెక్క ఇలా తేలుతుంది: మాట్లాడి కొలతలు తీసుకోవడం 20 నిమిషాలు, లైనింగ్ తడిపి ఆరేసి ఇస్త్రీ చెయ్యడం 15, కటింగ్ 35, కుట్టడం 120, చేతిపనీ హుక్సూ కాజాలూ 40, ఇస్త్రీ, ట్రయల్, చిన్న సవరణలు 25, సామాను తేవడంలో దీని వాటా 15. మొత్తం 270 నిమిషాలు, అంటే నాలుగున్నర గంటలు. సగం పైన సమయం లెక్కలోకే రావడం లేదన్నమాట.

సామాను తేవడం దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో ఆడవాళ్ళకి బీఎంటీసీ మామూలు బస్సుల్లో టిక్కెట్టు ఉచితం కదా, చిక్‌పేట వెళ్ళిరావడానికి ఖర్చేమీ లేదనుకుంటారు. టిక్కెట్టుకి డబ్బు పోలేదు, సగం రోజు పోయింది. ఆ పూట కుట్టాల్సిన జాకెట్టు అలాగే ఉండిపోయింది. దాన్నీ రాయాలి.

ఈ నిమిషాలు లెక్కలోకి ఎందుకు రావో చెప్పడం కష్టమేమీ కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు జీతం లేని ఇంటిపనికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 97. పొద్దున్నుంచీ ఐదు గంటల పనికి ఎవరూ వెల కట్టని ఇంట్లో, హుక్సు కుట్టిన నలభై నిమిషాలకి వెల ఉందన్న ఊహే రాదు. టీవీ చూస్తూ కుట్టినా అది పనే. రాయండి.

రెండో పని: నెల ఖర్చులు

ఇది అరగంట పని. 24,000 పెట్టి కొన్న మిషను ఐదేళ్ళు వస్తుందనుకుంటే నెలకి 400. ఆయిలు, సూదులు, సర్వీసింగ్ 250. మిషను ఉన్న గది అద్దెలో వాటా 1,500. కరెంటు 300. ఫోను 350. ఆటో ఖర్చు 200. మొత్తం 3,000. గృహజ్యోతి వల్ల కరెంటు బిల్లు సున్నా వస్తున్నా 300 వెయ్యాల్సిందే. పథకం ఇచ్చింది ఇంటికి, మీ కస్టమరుకి కాదు. సొంతిల్లు అయినా గది వాటా వెయ్యాలి.

మూడో పని: గంటకి ఎంత

ఇల్లూ పిల్లలూ చూసుకుంటూ రోజుకి 5 గంటలు, నెలకి 24 రోజులు అనుకుందాం. 120 గంటలు. చేతికి 15,000 మిగలాలంటే గంటకి 125, ఖర్చుల వాటా 25, కలిపి 150. నాలుగున్నర గంటలకి 675. లైనింగు 90, హుక్సూ దారమూ కాన్వాసూ 30 కలిపితే 795. గుడ్డ పాడైతే కట్టివ్వాల్సి వస్తుంది, పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టేవాళ్ళూ ఉంటారు. అందుకని నూటికి పది వేస్తే దాదాపు 875. దాన్ని 900 చెయ్యండి. ఎప్పుడూ పైకే సరిచెయ్యాలి, కిందికి కాదు.

ఇదే జాకెట్టుకి 450 తీసుకుంటున్నారనుకోండి. సామానుకి 120, ఖర్చుల వాటా 112 తీసేస్తే మిగిలేది 218. గంటకి 48 రూపాయలు. ఈ అంకెని పుస్తకంలో పెద్దగా రాసుకోండి.

కొంతమంది ఈ లెక్క మానేసి "మెయిన్‌రోడ్డు షాపులో 600, మనం ఇంట్లోనే కదా, 500 చాలు" అనుకుంటారు. ఈ పద్ధతి అసలు పనికిరాదు. ఆ షాపులో కుట్టేవాళ్ళకి పీసుకింతని కూలి ఇస్తారు, రోజుకి పాతిక జాకెట్లు బయటికి వెళతాయి, లైనింగు తానుల్లెక్కన వస్తుంది. ఆ 600 వాళ్ళ లెక్క. ఇక పక్కవీధి ఆవిడ రేటు చూసి మీరు తగ్గిస్తే, ఆవిడ మీ రేటు చూసి తగ్గిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఇద్దరి కూలీ పడిపోతుంది.

నాలుగో పని: నలుగురి రేట్లు కనుక్కోండి

సొంత లెక్క అయ్యాకే ఇది. ఒక బొటిక్, ఒక మగ దర్జీ, ఇంట్లో కుట్టే ఇద్దరు, ఈ నలుగురి దగ్గరా ఒకే రకం జాకెట్టుకి ఎంతో అడగండి. మగ దర్జీని అడగడం మాత్రం మానొద్దు. 1984లో అమెరికాలో బ్రెండా మేజర్, మరి ఇద్దరు కలిసి చేసిన పరిశోధనలో, ఒక పని ఇచ్చి "నీకు ఎంత న్యాయమనిపిస్తే అంత తీసుకో" అంటే ఆడవాళ్ళు మగవాళ్ళ కన్నా తక్కువ తీసుకున్నారు. ఇతరులు ఎంత తీసుకున్నారో ముందే చూసినప్పుడు ఆ తేడా లేదు. ఒకే మొత్తం చేతికిచ్చి దానికి తగ్గ పని చెయ్యమంటే, ఆడవాళ్ళు మగవాళ్ళ కన్నా ఎక్కువసేపు, ఎక్కువ పని, తప్పుల్లేకుండా చేశారు. "మీ ఇష్టమండీ" అన్న మాట ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ లెక్క 900 వచ్చి చుట్టుపక్కల 750 నడుస్తుంటే గంట రేటు తగ్గించకండి, గంటలు తగ్గించండి. ఒకే రంగు లైనింగులు నాలుగు కలిపి కత్తిరించండి. పాత కస్టమర్ల కటింగ్ పేపరు పేరు రాసి దాచితే మళ్ళీ ఆది జాకెట్టు పరిచి కొలవక్కర్లేదు. చేతిపని పీసుకింతని వేరేవాళ్ళకి ఇచ్చేయండి.

ఐదో పని: రేటు చెప్పడం

పైన చెప్పిందంతా ఎవరైనా చెయ్యగలరు. పుస్తకంలో 900 రాసుకుని నోటితో 600 అనేవాళ్ళే ఎక్కువ. ఇక్కడ తొందరపడకండి.

ముందుగా, "ఎంత?" అనగానే అంకె చెప్పకూడదు. చీరా జాకెట్టు ముక్కా చేతిలోకి తీసుకుని ఐదు ప్రశ్నలు అడగాలి: లైనింగు మీరిస్తారా, కప్స్ కావాలా, వెనక మెడ ఏ మోడలు, పైపింగూ డోరీ ఉన్నాయా, ఏ తేదీకి కావాలి. జవాబులు బిల్లుబుక్కులో రాస్తుండగానే, ఇందులో ఎంత పని ఉందో అవతలివాళ్ళకీ తెలుస్తుంది.

తర్వాత అంకె. "తొమ్మిది వందలండీ. లైనింగు నాదే. పద్దెనిమిదో తేదీకి ఇస్తాను." అంతే. "ఒక తొమ్మిది వందలు అలా అవుతుందేమో" అంటే మీరే బేరానికి పిలిచినట్టు. "ఈమధ్య అన్నీ పెరిగిపోయాయి కదా, పాప ఫీజు కూడా..." అని అస్సలు మొదలుపెట్టొద్దు. మీ అవసరం చెప్పుకున్నారంటే వాళ్ళు పనిని వదిలేసి మీ అవసరాన్ని తూకం వేస్తారు. "మీ ఆయనకి జీతం బాగానే వస్తుందిగా" అన్న మాట అక్కణ్ణించే పుడుతుంది.

అంకె చెప్పాక నోరు మెదపకూడదు. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. అన్నిటికన్నా కష్టం ఇదే. అవతలి మనిషి మాట్లాడకపోతే వద్దంటోందనే అనిపిస్తుంది. చాలాసార్లు ఆవిడ చీర ఖరీదు గుర్తు చేసుకుంటూనో, పెళ్ళి తేదీ లెక్కపెట్టుకుంటూనో ఉంటుంది. ఆ నాలుగు సెకన్లు ఆగలేక "సరే, మీకైతే ఎనిమిది వందలు" అనేస్తారు. అడగని వంద పోయింది. చేతులు ఖాళీగా ఉంటే నోరు ఆగదు. కాబట్టి ఆ సమయంలో బిల్లు మీద తేదీ రాస్తూ ఉండండి. మెడలో టేపు వేసుకుని, కొలతలు తీస్తూ వంగి ఉన్నప్పుడు రేటు చెప్పకండి. నిలబడి, మొహం చూసి చెప్పాలి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టొద్దు, అంకె టైపు చేసి పంపండి. గొంతులో వణుకు అంకెలో కనబడదు.

"ధైర్యంగా అడగండి" అని ఊరికే చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి. ఆ భయం వట్టిది కాదు. జీతం ఎక్కువ అడిగిన మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళ మీదే ఎదుటివాళ్ళకి ఎక్కువ విముఖత కలుగుతుందని 2007లో హన్నా రైలీ బౌల్స్, లిండా బాబ్‌కాక్, లీ లై ప్రయోగాలు చేసి చూపించారు. దానికి విరుగుడు కూడా పరిశోధనలోనే ఉంది. తమకోసం అడిగేటప్పుడు వెనక్కి తగ్గే ఆడవాళ్ళు, మరొకరి తరఫున అడిగేటప్పుడు మగవాళ్ళతో సమానంగా గట్టిగా నిలబడతారని 2010లో ఎమిలీ అమనతుల్లా, మైకేల్ మోరిస్ గమనించారు. అందుకే రేట్ల పట్టిక ఒకటి రాసి, లామినేషన్ చేయించి, అద్దం పక్కన తగిలించండి. అప్పుడు మీరు అడిగేది మీకోసం కాదు, పట్టిక తరఫున. సాదా, లైనింగ్, ప్రిన్సెస్ కట్, కప్స్, పైపింగ్, ఫాల్స్-పీకో, అర్జెంటు, దేనికదే వేరుగా. చేతిపని కూలి కూడా వేరే వరసలో ఉండాలి, అది మీరే చేసుకుంటున్నా సరే. "ఇందులో హెమ్మింగ్ అమ్మాయి కూలి ఉందండీ, అది తగ్గించలేను" అని గట్టిగా చెప్పగలిగే మనిషే "నా కూలి" అనడానికి తడబడుతుంది. ఆ అమ్మాయికి ఇచ్చినంతా మీకూ రావాలి.

గొంతు మెత్తగానే ఉండాలి, అంకె కదలకూడదు. "మనం మనం తెలుగువాళ్ళమే కదా" అంటే "అవునండీ, అందుకే చెప్పిన తేదీకి తప్పకుండా ఇస్తాను" అనండి. కన్నడంలో "స్వల్ప కమ్మి మాడ్కొళ్ళి" (కొంచెం తగ్గించుకోండి) అంటే పని తగ్గించి చూపించండి: "పైపింగ్ వద్దంటే ఎనిమిది వందలవుతుంది." పని తగ్గకుండా రేటు తగ్గించారంటే, మొదట చెప్పింది ఎక్కువని మీరే ఒప్పుకున్నట్టు. "నాలుగిస్తాను" అంటే మాత్రం ఒక్కోదానికి యాభై తగ్గించవచ్చు. కొలతలూ కటింగూ కలిసొచ్చి జాకెట్టుకి ఇరవై నిమిషాలు నిజంగానే మిగులుతాయి.

బోణీ సంగతి విడిగా చెప్పాలి. బోణీ బేరం వెనక్కి పోకూడదని ఎంతకైనా ఒప్పేసుకుంటారు. 120 గంటల్లో తయారయ్యేవి 26 జాకెట్లు, అంటే రోజుకి ఒకటి. ఆ లెక్కన మీకు వచ్చే ప్రతి కస్టమరూ బోణీయే. మనిషికి వంద తగ్గిస్తే నెలకి 2,600. బోణీకి శుభమే కావాలంటే డోరీ చివర వేలాడే లట్కన్స్ ఓ జత ఊరికే పెట్టండి.

చుట్టాలకి రెండే దారులు: పూర్తి రేటు, లేదా పూర్తిగా ఉచితం. సగం రేటు అసలు పెట్టొద్దు. వదినగారు సగం ఇచ్చి అంతా ఇచ్చాననుకుంటుంది, మీరు సగం పోయిందనుకుంటారు. ఉచితంగా కుట్టినా నాలుగున్నర గంటలూ పుస్తకంలో రాయాల్సిందే.

పాత కస్టమర్లకి రేటు పెంచడం

ఆషాఢంలో పెంచాలి. పెళ్ళిళ్ళు ఉండవు, ఎవరికీ తొందర ఉండదు, విని ఆలోచించుకునే తీరిక ఉంటుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు కుప్పపడ్డప్పుడు పెంచితే అదును చూసి పెంచారంటారు. నెల ముందే పట్టిక మార్చి, కింద "ఫలానా తేదీ నుంచి" అని రాయండి. ఇప్పటికే ఒప్పుకున్న పనికి పాత రేటే. 450 నుంచి 900కి ఒక్కసారిగా వెళ్ళొద్దు. కొత్తవాళ్ళకి ఈరోజు నుంచే 900, పాతవాళ్ళకి ఇప్పుడు 650, ఉగాదికి 800, వచ్చే ఆషాఢానికి 900. కొందరు మానేస్తారు. 900 రేటున 15 జాకెట్లకి మిగిలేది, 450 రేటున 26 కుట్టినా మిగలదు. కావాలంటే పుస్తకంలో వేసి చూసుకోండి.

అడ్వాన్సు, ఆల్టరేషన్

సగం అడ్వాన్సు ఫోన్‌పేలో పడ్డాకే కత్తెర పట్టండి. ఈ డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, ఇంటి సరుకుల ఖాతాలో కలిస్తే నెలాఖరుకి ఏం మిగిలిందో తేలదు. పక్కకుట్లలో లోపల అంగుళం గుడ్డ వదలండి. పది రోజుల్లోపు ఒక ఆల్టరేషన్ ఉచితం, తర్వాత పట్టికలో ఉన్న రేటు. హుక్కు ఊడితే మాత్రం ఎన్నాళ్ళకి తెచ్చినా డబ్బు అడక్కండి, అది మన కుట్టు లోపమే.