బెజవాడ ఎండలో ఫోన్ రివ్యూ: అంకె తప్పకుండా, థంబ్‌నెయిల్ అబద్ధమాడకుండా

మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. యూట్యూబ్ రివ్యూ కోసం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి బ్యాటరీ పరీక్ష చేస్తే వచ్చే అంకె ఫోన్‌ది కాదు, ఎండది. వేడెక్కిన ఫోన్ తెర వెలుతురు తగ్గించుకుంటుంది, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, చార్జింగూ నెమ్మదిస్తుంది. అందుకని పోలికలన్నీ గదిలో, ఏసీ 25 దగ్గర పెట్టి చేయండి. ఆటో బ్రైట్‌నెస్ ఆపి, తెర మీద తెల్లటి బొమ్మ పెట్టి, వెలుతురు కొలిచే లక్స్ మీటరు ఆనించి రెండు ఫోన్లనీ ఒకే వెలుతురుకు తెచ్చుకోండి. స్లైడరు సగానికి జరిపితే చాలదు, ఒక్కో ఫోన్‌లో సగం ఒక్కోలా ఉంటుంది. ఒకే వీడియో, ఒకే వైఫై, సిమ్ తీసేసి, మూడుసార్లు నడిపి చూడండి. ఒక ఫలితం బాగా తేడాగా వస్తే వెనక అప్‌డేట్ ఏదైనా దిగుతోందేమో చూడండి. కొత్త ఫోన్‌లో ఇది మామూలే. ఎండ పరీక్ష మన ఊరివాళ్లకు తప్పక కావాలి, కానీ విడిగా, ఉష్ణోగ్రత వీడియోలో తెర మీద వేసి చూపించండి.

ఫోన్ కంపెనీ పంపిందా, బీసెంట్ రోడ్డులో కొన్నారా అన్నది మొదటి నిమిషంలోనే నోటితో చెప్పండి. డబ్బు ముట్టినా, ప్రచారానికి బదులుగా ఫోన్ ఉంచేసుకున్నా యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడి టిక్ చేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు ప్రచారం చేసినవారి మీద కూడా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

థంబ్‌నెయిల్, అంటే వీడియోకు ముందు కనిపించే బొమ్మ, ఎడిటింగ్ అయ్యాకే చేయండి. "పేలిపోయింది" అని రాస్తే పేలడం వీడియోలో ఉండాలి. వేడెక్కితే ఎన్ని డిగ్రీలో రాయండి. తప్పు దొర్లితే కామెంటు పిన్ చేసి ఊరుకోవద్దు, టైటిలూ సరిదిద్దండి. కొనాలా వద్దా అన్న మాటే తారుమారైతే వీడియో తీసేసి, సరిచేసి మళ్లీ పెట్టండి.