కొత్త స్లాబు కారుతోందా? పిట్టగోడ మొదట్లో చూడండి

సీలింగు మీద మచ్చ కనబడగానే దానికి సరిగ్గా పైన, మేడ మీద వాటర్‌ప్రూఫ్ పూత వేయించేస్తారు. అంతకన్నా ముందు, వాన వెలిశాక ఒకసారి మేడెక్కి చూడండి. తూము నోట్లో సిమెంటు ముద్దలో, ఆకులో అడ్డుపడి ఉంటాయి. కొత్త ఇళ్లలో సిమెంటు ముద్దలే ఎక్కువ. తూము శుభ్రం చేస్తే పోయే బాధకు స్లాబు పగలగొట్టించకండి.

తూము బాగానే ఉన్నా పైన నీళ్లు నిలుస్తున్నాయి
వాటం చాలలేదు. తూము వైపు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. పైన వాటం మళ్లీ పోయించాల్సిందే, ఒట్టి పూతతో ఆగదు.

వాన లేని రోజుల్లోనూ మచ్చ ఆరడం లేదు
ట్యాంకు, దాని పైపులు చూడండి.

గాలివానకే కారుతోంది, మామూలు వానకు కాదు
అనుభవమున్న మేస్త్రీలను కూడా ఏమార్చేది ఇదే. మేడ మీద నీళ్లు కట్టి చూస్తే కింద చుక్క పడదు. స్లాబు బాగుందని టైల్స్ వేసేస్తారు. మళ్లీ గాలివాన రాగానే గది మధ్యలో బొట్లు మొదలవుతాయి.

లోపం పిట్టగోడ మొదట్లో ఉంటుంది. కాంక్రీటు స్లాబు ముందు పోస్తారు, ఇటుక గోడ తర్వాత కడతారు. ఎండకూ చలికీ రెండూ ఒకేలా సాగి ముడుచుకోవు. అవి కలిసేచోట ప్లాస్టరింగులో వెంట్రుకవాసి చీలిక పడుతుంది. గోడకు కొట్టిన జల్లు అందులోకి దిగి, వాటం పొర కింద పాకి, స్లాబులోని కరెంటు పైపు దొరికితే దాని వెంట వచ్చి ఫ్యాను బాక్సులోంచి కారుతుంది. (అలా కారితే ముందు మెయిన్ కట్టేయండి.) బొట్టు పడే చోటికీ, నీరు దిగే చోటికీ మీటర్ల దూరం ఉండొచ్చు.

మరి నీళ్లు కట్టినప్పుడు ఎందుకు దొరకలేదు? నీళ్లు నిలపడానికి వేసే మట్టి కట్టలు గోడకు జానెడు ఇవతలే వేస్తారు కాబట్టి. అసలు అతుకును నీరు తాకనే లేదు. తూములు మూసి, గోడకు ఆనేలా రెండంగుళాల నీరు 24 గంటలు నిలపండి. అప్పటికీ కారకపోతే, ఆ నీళ్లు వదిలేసి, గోడ లోపలి వైపును పైపుతో కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా తడుపుతూ రండి. కింద ఒక మనిషి సీలింగును చూస్తూ ఉండాలి.

దొరికాక, ఆ గోడ పొడవునా అడుగు ఎత్తు వరకు ప్లాస్టరింగు చెక్కించండి. అతుకులో దుమ్ము లేకుండా కడిగించి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలు కూరించి, మూలను గుండ్రంగా వాలు తీయించండి. నీరు ఆ మూలలో నిలవకూడదు. దాని మీద ఫైబర్ జాలీతో రెండు పూతలు, నేల మీదా గోడ మీదా చెరో అడుగు వచ్చేలా వేయించాలి. గోడ తల మీద వాలు లోపలికి ఉందో లేదో కూడా చూడండి, చదునుగా ఉంటే నీరు అక్కడి నుంచీ దిగుతుంది.

కాంక్రీటులోనే బొక్కలూ ఉండొచ్చు. పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.

పూత పూర్తిగా ఆరాక అదే పరీక్ష మళ్లీ చేయండి. అది గట్టెక్కేదాకా టైల్స్ మేస్త్రీని పిలవొద్దు.