పీ0171 కోడ్ వచ్చిందా? సెన్సర్ కొనే ముందు ఈ అంకెలు చూడండి

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, స్కానర్ పెడితే పీ0171 అని వచ్చింది, వెంటనే షెడ్డులో "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అంటారు. దయచేసి అప్పుడే డబ్బు తీయకండి. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళ్తోందని ఆ కోడ్‌కి అర్థం, ఆ సంగతి పట్టి చెప్పింది చాలాసార్లు ఆ సెన్సరే. నా బండికీ మార్చారు. నాలుగో రోజు లైట్ మళ్లీ వెలిగింది.

మామూలు పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి లెక్క. పెట్రోలు చాలట్లేదని తెలిస్తే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కాస్త ఎక్కువ పోసి సర్దుకుంటుంది, ఎంత ఎక్కువో శాతంలో చూపించేదే ఫ్యూయల్ ట్రిమ్. ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించి కోడ్‌లు, అంకెలు చదివేది), ఫోన్‌లో ఒక యాప్ చాలు. ఇంజిన్ బాగా వేడెక్కాక షార్ట్ టర్మ్ (ఆ క్షణంలో చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (కొన్నాళ్లుగా నేర్చుకున్న సర్దుబాటు) ట్రిమ్‌లు రెండూ కూడి చూడండి, ముందు ఐడ్లింగ్‌లో, తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టి ఉంచి. ప్లస్ 10 లోపు ఉంటే కంగారు లేదు. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) అయితే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ పోయాలి కాబట్టి దానివల్ల ట్రిమ్ కొన్ని శాతం పెరగడం మామూలే, 20 దాటితే మాత్రం వెతకాల్సిందే.

నా బండిలో ఐడ్లింగ్‌లో ప్లస్ 24, 2500 దగ్గర ప్లస్ 6 వచ్చింది. ఇలా వస్తే ఎక్కడో గాలి లీకుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో చిల్లు గుండా వచ్చేది పెద్ద వాటా అవుతుంది. రేజ్ చేస్తే ఆ వాటా తగ్గిపోతుంది. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ చూడండి. ఇంజిన్ ఆపి, చల్లారాక, గొట్టాలు చేత్తో వంచి చూడాలి, కంటితో చూస్తే సరిపోదు. నా బండిలో గొట్టం పైనుంచి కొత్తదానిలా ఉంది, కింద వంపు దగ్గర బొటనవేలితో నొక్కితే చీలిక నోరు తెరిచింది. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతుకుతుంటారు, అంటుకుంటుంది, వద్దు. స్మోక్ టెస్ట్ (ఇన్‌టేక్‌లోకి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూడడం) చేసే షెడ్డు దొరికితే అదే మేలు.

ఇదంతా మాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచేది) ఉన్న బండ్ల సంగతి. చాలా చిన్న కార్లలో మ్యాప్ సెన్సరే (ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచేది) ఉంటుంది, వాటిలో లీకయితే ట్రిమ్ అంతగా పెరగదు, ఐడ్లింగే పెరుగుతుంది.

ఐడ్లింగ్‌లో బాగుండి, ఘాట్ ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు అందట్లేదన్నమాట: పంపు నీరసించడం, ఫిల్టర్ పూడుకోవడం. గేజి పెట్టి ప్రెషర్ కొలిపించండి. మాఫ్ మురికి పట్టినా ఇలాగే ఉంటుంది. దానికోసమే అమ్మే స్ప్రే కొట్టి ఆరనివ్వండి, గుడ్డతో తుడవకండి. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు సైలెన్సర్ పైపు చీలినా బయటి గాలి చేరి ఉత్తుత్తి లీన్ (పెట్రోలు తక్కువ) చూపిస్తుంది, అదీ ఓసారి చూడండి.

బాగు చేశాక కోడ్ చెరిపేస్తే లాంగ్ టర్మ్ మామూలుగా సున్నాకి వస్తుంది. ఆ సున్నా చూసి షెడ్డులో డబ్బులు కట్టేయకండి, రెండు మూడు రోజులు బండి తిప్పి మళ్లీ చూడండి. నాది వారం తర్వాత కూడా ప్లస్ 4 దగ్గరే ఉంది.